అమ్మ గరిటె

జనవరి 6

ఒసేయ్ బుజ్జిముక్కూ,

ఈ ఉత్తరం చదివే ముందు వాసన చూసి ఉంటావు. చిన్నప్పుడు కొత్త పుస్తకం చేతికిస్తే బొమ్మలు కూడా చూడకుండా మధ్యలో తెరిచి ముక్కు పెట్టేదానివి. మీ నాన్న తిడితే నేనే అడ్డం పడేదాన్ని. ఆ ముక్కే ఇవాళ నీకు ఉద్యోగం ఇచ్చింది కాబట్టి ఆ జీతంలో నాకూ వాటా ఉందని గుర్తుపెట్టుకో.

ఫోను చెయ్యమంటావు. ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి ఆగుతాం. పెట్టేశాక గానీ అసలు సంగతి గుర్తుకురాదు. పైగా ఇక్కడ నూనె ప్రెస్సు తిరుగుతుంటే నా మాట నాకే వినపడదు. అందుకే నమూనా సీసాలతో పాటు పెట్టెలోనే ఉత్తరం పడేస్తున్నాను. రంపపు పొట్టు దులుపుకుని చదువు.

సంగతి నీకు సగమే తెలుసు. సబ్బుల ఫ్యాక్టరీ మూసేశారు. ఇన్నేళ్ళూ వారం వారం వచ్చి మన నారింజ తొక్క నూనె పట్టుకెళ్ళింది వాళ్ళే. మనకి తొక్కలిచ్చే పక్క నారింజ రసం ఫ్యాక్టరీ మేనేజరు మొన్న షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఏప్రిల్ నెలాఖరు దాకా చూస్తాను. ఈలోగా కొనేవాళ్ళు దొరక్కపోతే తొక్కలు పశువుల దాణాకి ఇచ్చేస్తాం, షెడ్డు మాకు కావాలి" అన్నాడు. మా అమ్మ నిలబెట్టిన ప్రెస్సు ఇది. నాతో కలిపి అయిదుగురు ఆడవాళ్ళం, తొక్కలు కడిగే పెద్దాయన ఒకడు. ఈ వయసులో ఎవరం ఎక్కడికి పోతాం?

మీ సెంట్ల కంపెనీ మేడం మూడు నెలల గడువిచ్చి మూడు నమూనాలు అడిగారన్నావు. మూడింట్లో ఒక్కటి మీ వెచ్చటి అలమరలో మూడు వారాలు చెడకుండా నిలబడితే చాలు, మన నూనె కొంటారన్నావు. ఇదిగో మొదటిది. అమ్మ ఎలా చేసేదో అలాగే చేశాను, ఒక్క పనీ వదల్లేదు. ఇక నీదే భారం.

వేళకి తిను. ముక్కుకి పని చెప్పి పొట్టని మర్చిపోకు.

నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలని దీవిస్తూ,
అత్త


జనవరి 30

అత్తా,

నీ పెట్టె తెరిచేసరికి మా లాబులో అందరి తలలూ ఇటే తిరిగాయి. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయన లేచి వచ్చి, "ఎవరు ఒలిచారు?" అని అడిగాడు. ఎవరూ ఒలవలేదంటే నమ్మలేదు.

ముందు మంచి మాట చెప్తాను. మా మేడం ఏ సీసా ఎవరిదో తెలియకుండానే వాసన చూస్తుంది. సన్నటి కాగితపు పుల్లల్ని నూనెలో ముంచి వరసగా ఇస్తాం. నీ పుల్ల దగ్గర ఆగి, "ఈ నూనె తీసిన మనిషికి తొందర లేదు" అంది. మా మేడం నోట మెచ్చుకోలు రావడమంటే మామూలు విషయం కాదు.

ఇప్పుడు రెండో మాట. వెచ్చటి అలమరలో మూడు వారాలంటే పీపాలో కొన్ని నెలలతో సమానం. సెంట్లు తయారుచేసే వాళ్ళు సబ్బుల వాళ్ళలా వారంలో వాడెయ్యరు, నెలల తరబడి దాస్తారు. అందుకే ఈ పరీక్ష. నీ నూనె పది రోజులు బాగుంది. తర్వాత నారింజ తగ్గిపోయి రంగుల కొట్టు వాసన మొదలైంది. వాసనని విడదీసే మిషన్ మాకు ఒకటుంది. నూనెలోని ఒక్కో పదార్థం ఒక్కో నిమిషానికి బయటికొచ్చి కాగితం మీద ఒక్కో గీత లేపుతుంది. తాజా తొక్కలో ఉండని గీతలు నీ నూనెలో మొదటి రోజే చిన్నచిన్నగా కనిపించాయి. బయటిది ఏదో కలిసినట్టుంది. ఎక్కడ కలిసిందో, ఎవరు కలిపారో నువ్వే చూడాలి.

రిపోర్టు కాపీ పెడుతున్నాను. బెంగపడకు, ఇంకా రెండు నమూనాలు ఉన్నాయి.

తింటున్నాను. ఒట్టు.

నీ బుజ్జిముక్కు


ఫిబ్రవరి 4

లాబు అమ్మాయిగారికి,

రిపోర్టు అందింది. "కల్తీ అనుమానం" అన్న గడిలో టిక్కు ఉంది. నీ టిక్కు నాకు తెలియదనుకున్నావా? తోక పైకి లేపి రాయడం నేర్పింది నేనే.

మా అమ్మ బతికుండగా ఈ షెడ్డులోకి నీళ్ళు తప్ప బయటి చుక్క రాలేదు. నా హయాంలోనూ రాలేదు. పంతొమ్మిదేళ్ళు! కల్తీ చేసే బుద్ధే ఉంటే ఈపాటికి షెడ్డు మీద మేడ కట్టేదాన్ని, వాన పడినప్పుడల్లా గిన్నెలు పెట్టుకుంటూ కూర్చునేదాన్ని కాదు.

అయినా ఇంటి పిల్ల అన్న మాట కదా అని చూశాను. పీపాల గదికి తాళం వేశాను. తాళం చూసి ఆడవాళ్ళు నలుగురూ నాతో మాట్లాడటం మానేశారు. దారిలో పెట్టె విప్పావా అని లారీ డ్రైవరుని నిలదీశాను. "నాకు నారింజంటేనే పడదమ్మా, తుమ్ములొస్తాయి" అన్నాడు. నిజమేనేమో, అంటున్నప్పుడే రెండుసార్లు తుమ్మాడు. ఆ తర్వాత నా పెట్టె ఎక్కించుకోకుండా వెళ్ళిపోయాడు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వస్తోంది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, నువ్వు టిక్కు పెడితే ఆయన మీద పడింది.

నేను నిన్ను అనుమానించలేదే ఎప్పుడూ. పెరట్లో దాచిన బెల్లం డబ్బా ఖాళీ అయినప్పుడు కూడా.

అత్త


ఫిబ్రవరి 10

అత్తా, అత్తా, అత్తా,

తప్పు నాది. కోపం దిగేదాకా ఈ మొదటి వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువు.

ఆ గడి మిషన్ లెక్క ప్రకారం పెట్టాలి. తెలియని గీత కనిపిస్తే టిక్కు పెట్టాల్సిందే, అత్త అయినా అమ్మ అయినా. కానీ ఉత్తరంలో "ఎవరు కలిపారో" అని రాయకుండా ఉండాల్సింది. నువ్వు కలిపావని నేను కలలో కూడా అనుకోలేదు. బెల్లం తిన్నది మాత్రం నేనే.

చూడు, నారింజ తొక్క నూనెలో నూటికి తొంభై అయిదు పాళ్ళు ఒకే పదార్థం. లిమోనీన్ అంటాం. నిమ్మలోనూ, కమలాలోనూ ఎక్కువ భాగం అదే. మనం ముక్కు దగ్గర పెట్టగానే "నారింజ!" అనిపించేది మాత్రం మిగతా అయిదు పాళ్ళలో ఉంటుంది. అందులోనూ ఒక పాలో, ఒకటిన్నరో. ఆ కొంచెం బాగుంటేనే మా మేడం ఆగుతుంది. నీ నూనెలో అది చాలా బాగుంది. చెడుతున్నది ఆ తొంభై అయిదు పాళ్ళది. దానికి గాలి తగిలితే పాడైపోతుంది. వెలుతురు పడినా, ఇనుము తుప్పు తగిలినా ఇంకా తొందరగా పాడవుతుంది.

కాబట్టి పీపా మార్చు, తుప్పు లేనిది తీసుకో. మూత దాకా నింపు, పైన గాలి నిలవకూడదు. గది చీకటిగా, చల్లగా ఉండాలి. ఈ మూడూ చేస్తే రెండోది నిలబడుతుందని నా నమ్మకం. తాళం తీసెయ్. డ్రైవరుకి నా తరఫున క్షమాపణ చెప్పు.

పళ్ళు తోముకుని, బెల్లం తినకుండా, బుద్ధిగా
నీ బుజ్జిముక్కు


ఫిబ్రవరి 17

బుజ్జిముక్కూ,

కోపం దిగింది. నీ మొదటి వాక్యం వల్ల కాదు, బెల్లం వల్ల. ఇరవై ఏళ్ళ తర్వాత దొంగ దొరికింది. ఇన్నాళ్ళూ మీ నాన్న అనుకున్నాను, పాపం.

తాళం తీశాను. తీసేటప్పుడు నలుగురూ పనాపి చూశారు. "నాదే తప్పు" అన్నాను. అందులో పెద్దావిడ, "మా మీద అనుమానం వస్తే మొహం మీద అడగండి, తాళంతో అడగకండి" అంది. నా నోరు మూయించిన మనుషులు లోకంలో ముగ్గురే, అందులో ఆవిడ ఒకతి. డ్రైవరుకి కూడా చెప్పాను. చెప్పేలోపు తుమ్మాడు. పెట్టె మాత్రం తీసుకున్నాడు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తుప్పు లేని కొత్త పీపాలు. మూత దాకా నింపాం, చీమ దూరే సందు కూడా లేదు. కిటికీలకి నల్ల గుడ్డలు కట్టాం. ఆ గదిలోకి వెళ్తుంటే కళ్ళు పోయినట్టుంది, పెద్దావిడ నా కాలు తొక్కింది. కావాలనే తొక్కిందని నా అనుమానం. మొహం మీద అడగలేదు.

తొక్కలు కూడా దగ్గరుండి ఏరాను. దెబ్బ తగిలినది ఒక్కటి వెళ్ళలేదు. మా అమ్మ చేసినవి కూడా అన్నీ చేశాను, ఈసారి రెట్టింపు శ్రద్ధగా. ఇక నా చేతిలో ఏమీ మిగల్లేదు.

రాస్తుంటే కాగితం మీద నూనె పడింది, చూశావా, కింద మూల. పీపాల గదిలోనే నిలబడి రాస్తున్నాను. ఇంకో కాగితం కోసం వెళ్ళే ఓపిక లేదు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

ఈసారి మంచి కబురు రాస్తావని, నీ పేరు పదిమందిలో నిలబడాలని దీవిస్తూ,
అత్త


మార్చి 10

అత్తా,

కూర్చుని చదువు. రెండోది కూడా పోయింది. మొదటిది పది రోజులు ఆగింది, ఇది వారం కూడా ఆగలేదు.

సీసా వాసన చూసి నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. నువ్వు కట్టించిన నల్ల గుడ్డలన్నీ కళ్ళముందు కనిపించాయి. నేను చెప్పినవన్నీ చేశాక ఇంకా తొందరగా చెడిందంటే నా లెక్కే ఎక్కడో తప్పింది. మేడం "ఇంకొకటి ఉంది కదా" అని మాత్రం అంది.

తర్వాత ఏం చెయ్యాలో తోచక నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అలవాటు కొద్దీ వాసన చూశాను. ఆ కింద మూల మరక ఉంది కదా, అది నారింజలా లేదు. పుదీనా ఆకు నలిపినట్టు ఉంది. నీ సీసాలో ఆ వాసన తెలిసీ తెలియనంత, మరకలో ముక్కుకి కొట్టేంత.

అత్తా, నువ్వు తిడతావు. ఆ మరకని కత్తెరతో కోసి మిషన్‌లో పరీక్షించాను. మరక వెనకవైపే నీ దీవెన ఉంది. చదివాకే కోశాను, కానీ ఇప్పుడు నీ ఉత్తరం "మంచి కబురు రాస్తావని" దగ్గర ఆగిపోయింది.

మరకలో ఉన్నది చాలా పాత నూనె. లిమోనీన్ గాలికి ముదిరిపోతే అందులోంచి పుట్టే పదార్థాల్లో ఒకటి కార్వోన్. పుదీనా జాతి ఆకులకి ఆ వాసన ఇచ్చేది అదే. నీ సీసాలో కనిపించిన తెలియని గీతలన్నీ మరకలో పదింతలు ఉన్నాయి. అంటే ఆ గదిలో ఎక్కడో పాత నూనె ఉంది, అది కొత్తదాంట్లోకి చేరుతోంది.

ఆ ఉత్తరం రాసేటప్పుడు నీ చేతిలో ఏముంది?

బుజ్జిముక్కు


మార్చి 14

నా ఉత్తరాన్ని కోస్తావా?

ఆకలి వేస్తే అడగాలి గానీ దీవెన తినేస్తారటే? నీకు రాసిన దీవెన మిషన్‌లో పోయింది. మళ్ళీ రాసేది లేదు.

నా చేతిలో ఏముందంటావా? మా అమ్మ గరిటె. దాపరికం ఏముంది, నువ్వు అడగలేదు గనక చెప్పలేదు. పీపాల గదిలో మూలన నల్లటి పెద్ద జాడీ ఉంటుంది, నువ్వు చిన్నప్పుడు దాని వెనకే దాక్కునేదానివి. కొత్త నూనె పీపాలోకి దిగగానే ఆ జాడీలోంచి ఒక పెద్ద గరిటెడు పాత నూనె తీసి పీపాలో పోస్తాను. పాలకి తోడు వేసినట్టు. పాతది కొత్తదానికి దారి చూపిస్తుంది. సీజను ఆఖర్న మిగిలిన నూనెతో జాడీ మళ్ళీ నింపుతాను. అమ్మ పద్ధతి అది. ఆవిడ పీపా ముందు నిలబడి గరిటె పట్టుకోవడం నా కళ్ళారా చూశాను.

ఆవిడ సీజను మధ్యలో పోయింది, నీకు తెలుసు. పొద్దున ప్రెస్సు దగ్గర ఉన్న మనిషి మధ్యాహ్నానికి లేదు. ఏది ఎంత, ఏది ఎప్పుడు, ఏమీ చెప్పకుండా పోయింది. నాకు దక్కింది ఆ గరిటె ఒక్కటే. పోసేటప్పుడు గది తలుపు వేసుకుంటాను. ఎవరూ ఉండకూడదు. ఆ ఒక్క నిమిషం అమ్మ, నేను. నా మనసు నీకు అర్థమవుతుందో లేదో.

రెండోదానికి రెండు గరిటెలు పోశాను. అమ్మ గట్టిగా కాపాడుతుందని.

ఇప్పుడు నువ్వు దాన్ని ఆపమంటావు. ఆపను. షెడ్డు పోతే పోనీ.

అత్త


మార్చి 18

అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత రెండు గరిటెలు అన్న చోట నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. పక్క బల్ల ఆయన నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆపమని నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు. తెలిసింది మాత్రం దాచను, దాస్తే ఇంకో టిక్కు పెట్టినట్టే. నువ్వు తోడు అన్నావు చూడు, సరిగ్గా అదే జరుగుతోంది. తోడు పాలని తనలా మార్చుకుంటుంది. పాత నూనె కూడా అంతే, కొత్తదాన్ని తనలా పాతది చేసుకుంటుంది. ఒకసారి ముదరడం మొదలైన నూనె పక్కనున్నదాన్ని కూడా ముదిరేలా చేస్తుంది. సబ్బుల వాళ్ళు వారంలో వాడేసేవాళ్ళు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. నీకు తెలిసే దారే లేదు.

నానమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆవిడ మొహం ఫోటోలో చూస్తే గానీ గుర్తుకురాదు. చేతులు గుర్తున్నాయి, వేళ్ళ సందుల్లో పసుపుపచ్చ మరకలు. దగ్గరికి తీసుకుంటే నారింజ వాసన.

ఒక్కటే అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నానమ్మ ప్రెస్సు పెట్టిన మొట్టమొదటి ఏడాది, మొట్టమొదటి పీపాలోకి పాత నూనె ఎక్కడినుంచి వచ్చింది? అప్పటికి పాతదంటూ ఏదీ లేదు కదా.

ఏం చేసినా నేను నీ పక్షమే.

బుజ్జిముక్కు


మార్చి 25

బుజ్జిముక్కూ,

నీ ప్రశ్న మూడు రోజులు పంటి కింద రాయిలా ఉండిపోయింది. తింటున్నా అదే, ప్రెస్సు దగ్గరా అదే. నాలుగో రోజు పెరటి వైపు వెళ్ళాను. పెద్దాయన తొట్టి దగ్గర తొక్కలు కడుగుతున్నాడు. అమ్మ మొదటి ఏడాది నుంచీ ఉన్నవాడు ఆయనొక్కడే.

"పెద్దాయనా, మొదటి ఏడాది అమ్మ ఆ జాడీలోకి నూనె ఎక్కడ తెచ్చింది?" అని అడిగాను.

"తేవడమెందుకు? జాడీ ఖాళీగానే వచ్చింది. నేనే తోమాను" అన్నాడు.

"మరి మొదటి పీపాలో ఏం పోసింది?"

చేతిలో తొక్క వదిలేసి నా వైపు చూశాడు. "పొయ్యడమేంటమ్మాయ్? తీసేది. కొత్త నూనె దిగగానే ముందు ఒక గరిటె తీసి జాడీలో పోసుకునేది. ఎవరైనా వచ్చి మీ నూనె బాగాలేదు, ఏదో కలిపారు అన్నారనుకో, జాడీ మూత తీసి, ఇదిగో నా దగ్గర బయల్దేరినప్పుడు ఇలా ఉంది, ముందు దీని వాసన చూసి మాట్లాడండి అనేది. సీజను అయ్యాక జాడీ నాకిచ్చి కడిగించేది. నువ్వొచ్చాక కడగమని ఇవ్వలేదు. నీ పద్ధతి వేరేమో అనుకున్నాను."

తొట్టి గట్టు మీద కూలబడ్డాను. నేను చూసింది నిజమే, పీపా ముందు అమ్మ, చేతిలో గరిటె. గుమ్మంలో నిలబడి వెనకనుంచి చూశాను. గరిటె ఎటునుంచి ఎటు వెళ్తోందో చూడలేదు. ఆవిడ పీపాలోంచి జాడీలోకి తీసింది. నేను పంతొమ్మిదేళ్ళు జాడీలోంచి పీపాలోకి పోశాను. అదీ తలుపులు వేసుకుని! తెరిచి ఉంచి ఉంటే పెద్దాయన మొదటి రోజే చెప్పేవాడు.

కల్తీ అన్నవాళ్ళకి చూపించడానికి అమ్మ దాచుకున్న సాక్ష్యాన్ని తీసుకెళ్ళి నేనే నూనెలో కలిపాను. నువ్వు పెట్టిన టిక్కు తప్పు కాదే. కలిపింది నేనే.

చాలాసేపు ఏడ్చాను. పెద్దాయన ఓదార్చలేదు. "తొక్కలు ఎండిపోతున్నాయమ్మాయ్" అన్నాడు. లేచాను.

మూడోది పంపుతున్నాను. గరిటె పొయ్యలేదు. తలుపు తెరిచే ఉంచాను, నలుగురూ వచ్చి నిలబడ్డారు. నూనె పీపాలోకి దిగుతుంటే నా చెయ్యి గరిటె కోసం రెండుసార్లు గోడ వైపు వెళ్ళింది. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

అత్త


ఏప్రిల్ 16

అత్తా,

నిలబడింది.

ఇరవై ఒక్క రోజులు. ఇవాళ పొద్దున అలమర తెరిచి సీసా తీశాను. పక్క బల్ల ఆయన్ని కూడా పిలిచి మూత తీశాను. నారింజ! జనవరిలో పెట్టె తెరిచినప్పటి నారింజే. మిషన్‌లో పెడితే ఆ పిచ్చి గీతలున్న చోట కాగితం దాదాపు చదునుగా వచ్చింది. మేడంకి ఎప్పటిలాగే ఏదెవరిదో చెప్పకుండా పుల్లలు ఇచ్చాను. పన్నెండింట్లో నీదాని దగ్గర ఆగింది. "తొందర లేని మనిషి మళ్ళీ వచ్చింది" అంది. మూడు నెలల కిందటి మాట గుర్తుపెట్టుకుంది!

ఈ సీజనులో ఇకమీదట దిగే పీపాలన్నీ, వచ్చే సీజనువి కూడా మేమే తీసుకుంటాం. ఆర్డరు కాగితం ఇందులోనే ఉంది. మేనేజరు గుమ్మంలోకి వస్తే నిలబెట్టే చూపించు, కుర్చీ వెయ్యకు.

ఇంకో సంగతి. మా లాబు వెనక ఒక చల్లటి గది ఉంది. మేం కొనే ప్రతి నూనె నుంచీ మొదట ఒక చిన్న సీసా తీసి, తారీఖు రాసి అందులో దాస్తాం. రేపు ఎవరైనా నూనె బాగాలేదంటే ఆ సీసా తీసి పోల్చి చూస్తాం. ఇది చదువుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. నానమ్మ ఒక జాడీ, ఒక గరిటెతో చేసింది. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఇక నాకు ఆవిడ గుర్తొస్తుంది. పంతొమ్మిదేళ్ళు గరిటె అటువైపు వెళ్ళిందని నువ్వు కుమిలిపోకు. గరిటె వదలకుండా పట్టుకున్నావు కాబట్టే ఇవాళ ఇటు తిప్పగలిగావు.

దీవెన ఇంకా బాకీ ఉందని గుర్తుచేస్తూ,
నీ బుజ్జిముక్కు


ఏప్రిల్ 21

బుజ్జిముక్కూ, నా బంగారు ముక్కూ,

ఆర్డరు కాగితం మేనేజరుకి చూపించాను. కుర్చీ వెయ్యలేదు. తనే వెళ్ళి తెచ్చుకున్నాడు. చదివి, "మీ నూనెలో అంత ఏముందండీ?" అన్నాడు. "నూటికి తొంభై అయిదు పాళ్ళు అందరిదాంట్లో ఉన్నదే. మిగతా అయిదు మాది" అన్నాను. ఏం అర్థమైందో గానీ తల ఊపి వెళ్ళాడు. పెద్దావిడ నవ్వుతూ ప్రెస్సుకి ఆనుకుని, చీరకి నూనె పూసుకుంది.

జాడీ బయటికి తీశాను. పంతొమ్మిదేళ్ళలో దాని అడుగు చూడటం ఇదే మొదలు. చిక్కటి, ముదురు రంగు నూనె, రెండు గుక్కలంత. ఎన్నేళ్ళదో. కొంచెమైనా అమ్మ తీసినది అందులో ఉండే ఉంటుంది. చిన్న సీసాలో పోసి పంపుతున్నాను. దీన్ని మిషన్‌లో పెట్టావంటే ఊరుకోను. ఊరికే వాసన చూడు. ఆ చల్లటి గదిలో మూలన కాస్త చోటిస్తే పెట్టుకో, లేకపోతే నీ దగ్గరే ఉంచుకో.

జాడీ పెద్దాయన తోమాడు. తోముతూ, "పంతొమ్మిదేళ్ళ పని ఒక్కరోజే పెట్టావు" అని సణిగాడు. ఆరాక దానికి తారీఖు చీటీ అంటించాను. మీ ఆర్డరు మొదటి పీపా నిన్న దిగింది. తలుపులు బార్లా తీసి, అందరూ చూస్తుండగా, పీపాలోంచి ఒక గరిటె తీసి జాడీలో పోశాను. అమ్మ నిలబడే చోటే నిలబడ్డాను. ఆ చోటునుంచి చూస్తే గరిటె ఎటు వెళ్తుందో ఇట్టే తెలుస్తోంది. ఇన్నాళ్ళూ గుమ్మంలోంచి చూసిన పిల్లగానే ఉండిపోయానని అప్పుడు అనిపించింది. ఏడుపు రాలేదు. జాడీకి మూత పెట్టాను.

డ్రైవరు ముక్కుకి గుడ్డ కట్టుకుని మూడు పీపాలు లారీ ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా తుమ్ముతూనే వస్తాడు. మంచినీళ్ళు ఇవ్వండి.

ఈ ఉత్తరం మీద కూడా మరక ఉంది. కింద, కుడి మూల. ఈసారి నేనే వేశాను, కొత్త నూనెతో, ఒక్క చుక్క. చుట్టూ పెన్సిలుతో గుండ్రం గీశాను. దాని వెనక ఏమీ రాయలేదు. కత్తెర అక్కడ పెట్టుకో.

దీవెన ఆ గుండ్రానికి దూరంగా, ఇదిగో పైన, కోయడానికి వీల్లేని చోట రాస్తున్నాను. నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు తల్లీ.

అత్త